నడిచేవాళ్ళ గడి

ఆవిడ కుదురుగా ఉండగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. చిత్రమేమిటంటే, ఆవిడ ఉద్యోగమే కూర్చోవడం. నగరపాలక సంస్థలో, రవాణా విభాగంలో, బళ్ళు లెక్కపెట్టే ఉద్యోగం. మడత స్టూలు చంకన పెట్టుకుని, గొడుగు చేతికి తగిలించుకుని, పొద్దున్నే ఏదో ఒక కూడలికి పోవాలి. అక్కడ స్టూలు వేసుకుని వచ్చే బళ్ళూ పోయే బళ్ళూ లెక్కపెట్టాలి. ఎడమచేతిలో ఒక నొక్కుడు మిషను, కుడిచేతిలో ఇంకొకటి. బైకు పోతే ఎడమ బొటనవేలు, కారు పోతే కుడి బొటనవేలు. బస్సో లారీయో వస్తే ఒళ్ళో ఉన్న కాగితం మీద పెన్సిలుతో చిన్న గీత. పావుగంటకో కాగితం. ఇరవయ్యారేళ్ళుగా ఇదే పని. ఆవిడ అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆఫీసులో అందరికీ ఆవిడ టిక్కుటిక్కమ్మ.

కూర్చున్నంతసేపూ కాళ్ళు ఊగుతూనే ఉంటాయి. అన్నం తింటున్నా ఎడమ బొటనవేలు కంచం అంచు మీద ఆడుతూనే ఉంటుంది. ఆసుపత్రికి పోతే వరసలో ఎంతమందున్నారో, పావుగంటకి ఎంతమంది లోపలికి పోతున్నారో లెక్క కట్టేసి, "ఏవండీ, మన వంతు వచ్చేసరికి డాక్టరు భోజనానికి లేస్తాడు, పదండి, రేపొద్దాం" అంటుంది. భర్త దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. ఆవిడ ఎంత హడావుడి పడితే ఆయన అంత నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. "నీ కాలు కుట్టుమిషను మీద పెడితే నెలకి మోటారు ఖర్చు మిగిలేది" అని ఆటపట్టిస్తాడు. పిల్లలు లేరు. ఉన్నది అత్తగారు. ఆవిడకి డెబ్భయ్యారు.

ఇక ఆ రోడ్డు సంగతి. ఈవైపు టిక్కుటిక్కమ్మ ఇల్లు. ఆవైపు, సరిగ్గా ఎదురుగా, అత్తగారి చెల్లెలి ఇల్లు. అంటే చిన్నత్తగారిది. ఒకప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజుకి మూడుసార్లు అటూ ఇటూ తిరిగేవాళ్ళు. ఈ ఇంట్లో వండిన కూర ఆ ఇంటికీ, ఆ ఇంట్లో పుట్టిన గొడవ ఈ ఇంటికీ చేరేది. పొద్దున పోట్లాడుకుని "నీ గుమ్మం తొక్కితే ఒట్టు" అనుకుని, సాయంత్రానికి అదే గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేవాళ్ళు. అలాంటిది, ఆ రోడ్డు చివర నాలుగు టవర్లు లేచాయి. ఒక్కోటి పద్దెనిమిది అంతస్తులు. ఎన్ని కుటుంబాలు, ఎన్ని కార్లు! రోడ్డు మీద బళ్ళకి మధ్యన సందు లేకుండా పోయింది. ఒకరోజు అత్తగారు సగం దాటి, ముందుకీ పోలేక వెనక్కీ రాలేక, నడిరోడ్డు మీద చేతులు రెండూ పైకెత్తి నిలబడిపోయింది. ఎవరో కారు దిగి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆ తర్వాత ఆవిడ రోడ్డు ముఖం చూడలేదు.

నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఇద్దరూ ఎవరి వరండాలో వాళ్ళు కుర్చీ వేసుకుని, ఒకరినొకరు చూసుకుంటూ ఫోనులో మాట్లాడుకుంటారు.

"ఏమే, ఆ చీరేంటి? నీకేం బాలేదు, మార్చు."

"బస్సు అడ్డొచ్చిందక్కా, మళ్ళీ చెప్పు."

"చీర మార్చమన్నా!"

"మార్చను."

ఆటోలో పొమ్మంటే, మలుపు తిరగడానికి రెండు కిలోమీటర్లు పోయి రావాలి. "ఎదురింటికి ఆటోలోనా? నలుగురూ నవ్విపోతారు!" అని అత్తగారు ఒంటికాలి మీద లేస్తుంది. చెల్లెలికేమో మోకాళ్ళ నొప్పులు, ఆటో ఎక్కలేదు. అదీ వాళ్ళ బతుకు.

ఆ నెల తొమ్మిదో తారీకున టిక్కుటిక్కమ్మ పాత కూడలి కాగితాలు ఇవ్వడానికి ఇంజనీరు గదిలోకి పోయింది. ఇంజనీరు గారు ఆ ఆఫీసుకి కొత్త. ఏ ఫైలైనా మొదటి కాగితం నుంచి చదివే అలవాటున్న మనిషి. అలాంటివాళ్ళతో ఎవరికైనా కష్టమే. ఆయన బల్ల మీద తెరిచి ఉన్న ఫైలు మీద తన రోడ్డు పటం కనపడింది ఆవిడకి.

"ఇది మా వీధి కదా సార్?"

"అవునా? అయితే మీకూ చెప్పాలి. మీ టవర్ల ఇంపాక్ట్ ఫీజు ఇది."

ఈ ఫీజు గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఎవరైనా పెద్ద కట్టడం కడితే, కొత్తగా వచ్చే జనం బరువంతా అక్కడి పాత రోడ్ల మీదా పాత పార్కుల మీదా పడుతుంది కదా. ఆ బరువుకి తగ్గట్టు బిల్డరు కొంత డబ్బు ముందే కట్టాలి. ఆ డబ్బు ఆ చుట్టుపక్కలే రోడ్డుకో పార్కుకో వాడాలి. జీతాలకి వాడకూడదు, ఆఫీసు గోడలకి రంగులెయ్యకూడదు. ఆ ఊళ్ళో రూలు ప్రకారం ఆరేళ్ళలోపు పని ఖాయం చెయ్యకపోతే డబ్బు బిల్డరుకే తిరిగి పోతుంది. రూలు బంగారంలాంటిదే. ఆరేళ్ళు ఎవరూ దాని మొహం చూడలేదు, అంతే.

"రోడ్డు దాటడానికి సిగ్నలూ, ఆవైపు ఖాళీ జాగాలో చిన్న పార్కూ అడిగారు మీ వీధివాళ్ళు," అన్నాడు ఇంజనీరు. "కుదిరేట్టు లేదమ్మా. రద్దీ గంటలో కనీసం డెబ్భై అయిదుమంది నడిచి దాటుతుంటేనే సిగ్నలు. ఇక్కడ లెక్కలో సున్నా ఉంది. ఒక్కళ్ళూ దాటని చోట సిగ్నలెందుకు? ఈవైపువాళ్ళు దాటనప్పుడు ఆవైపు పార్కులో కూర్చునేదెవరు? నెలాఖరుతో ఆరేళ్ళు నిండుతాయి. బిల్డరేమో టవర్ల గేటు ముందు కార్లు తిరగడానికి ఇంకో వరస వెయ్యమంటున్నాడు. ఆ పనికైనా రాయాలి, లేదా డబ్బు వాపసు ఇచ్చెయ్యాలి."

"సున్నానా?"

"చూడండి." టైపు చేసిన కాగితం తిప్పి చూపించాడు. నడిచేవాళ్ళ గడిలో వరసగా సున్నాలు. దాని వెనకాల పిన్ను పెట్టి ఉన్నది అసలు కాగితం, పెన్సిలుతో రాసింది. ఆ గడిలో సున్నాలు లేవు. పైనుంచి కిందికి చిన్న చిన్న అడ్డగీతలున్నాయి. అడుగున ఆరేళ్ళ కిందటి తేదీ, టిక్కుటిక్కమ్మ సంతకం.



ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఒక పెద్దాయన నేర్పించాడు ఆ గీత. "చేతులు రెండేనమ్మా మనకి. బళ్ళు చూసుకో. నడిచేవాళ్ళ గడిలో అడ్డగీత పెట్టెయ్. అడిగేవాళ్ళెవరు?" గీత అంటే లెక్కపెట్టలేదని అర్థం. ఆ సంగతి కూడళ్ళలో కూర్చునే ఏడుగురికీ తెలుసు. టైపు చేసేవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు గీత కనపడితే సున్నా కొట్టారు. ఇరవయ్యారేళ్ళుగా ఆ ఊళ్ళో ఎన్ని రోడ్ల మీద మనుషులే నడవలేదో, కాగితాల ప్రకారం!

ఆ గదిలో ఆవిడ నోరు విప్పి చెప్పాల్సింది. చెప్పలేదు. "సరే సార్" అని బయటికి వచ్చేసింది. మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది.

మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కూడలిలో కూర్చుంటే బైకుకి కుడివేలు, కారుకి ఎడమవేలు నొక్కింది. ఒక పూట లెక్కంతా పాడైతే చించేసి మళ్ళీ మొదలుపెట్టింది. మూడోరోజు సాయంత్రం భర్తకి చెప్పేసింది.

ఆయన ఒక చొక్కాకి కాలరు కుడుతున్నాడు. మిషను ఆపి, "ఇంకా నాలుగేళ్ళుంది నీ పెన్షనుకి," అన్నాడు. "నువ్వొక్కదానివే పెట్టావా గీత? అందరూ పెట్టారు. ఇప్పుడు నువ్వు పోయి చెబితే నీ ఒక్కదాని మెడకే చుట్టుకుంటుంది. ఊరుకో."

"ఊరుకుంటే వాళ్ళిద్దరి సంగతేంటండీ? ఇంకెప్పుడు కలుస్తారు?"

"నువ్వు వేయించకపోయినా సిగ్నలు ఎప్పటికైనా వేస్తారులే."

"ఏ డబ్బుతో?"

ఆయన మళ్ళీ కాలరు మీదికి వంగాడు. లోపల్నుంచి అత్తగారి గొంతు వినపడింది. ఎప్పుడొచ్చిందో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏ రోజు లెక్కమ్మాయ్ అది? ఆవైపు చెల్లి వాళ్ళ గోడ నీడన స్టూలేసుకుని కూర్చున్నావు, ఆ రోజేనా?"

"అవునత్తయ్యా."

"ఆ రోజు నువ్వు డబ్బా మర్చిపోయి పోయావు. నేను తెచ్చిచ్చాను కదే! రోడ్డు దాటేగా వచ్చాను! పక్కన నిలబడి నువ్వు తినేదాకా ఉన్నాను కదా!"

టిక్కుటిక్కమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో మిషను. అత్తగారు కొంగుతో ఆవిడ నుదురు తుడిచింది కూడా. ఖాళీ డబ్బా తీసుకుని, కొంగు దోపుకుని, మళ్ళీ రోడ్డు దాటి ఇంటికి పోయింది. ఆవిడ అటు తిరగ్గానే ఆ పావుగంట కాగితం నింపి, నడిచేవాళ్ళ గడిలో గీత పెట్టింది తను. అప్పుడే, అక్కడే. సిగ్గుతో చచ్చిపోయింది ఆవిడ. అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపులు తియ్యకముందే తెల్లకాగితం మీద అంతా రాసి పట్టుకుని నిలబడింది. ఇంజనీరు చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"అంటే ఇన్నేళ్ళ కాగితాలూ...?"

"నా సంతకం ఉన్నవన్నీ అంతే సార్. మిగతావాళ్ళ సంగతి వాళ్ళనే అడగండి. నన్నేం చేసినా చెయ్యండి, నెలాఖరులోపు ఆ రోడ్డు మళ్ళీ లెక్కపెట్టించండి."

"మీరు లెక్కపెట్టకూడదు. మీ ఇల్లు అక్కడే ఉంది."

"తెలుసు సార్."

"ఆ రోజు మీరు ఆ చుట్టుపక్కల కనపడినా లెక్క చెల్లదు."

"గడప దాటను సార్."

మధ్యాహ్నానికల్లా విషయం పొక్కింది. కూడళ్ళలో కూర్చునేవాళ్ళలో అందరికంటే మండిపడ్డవాడు సోడాబుడ్డి. అద్దాలు మందంగా ఉంటాయని ఆ పేరు పెట్టారు గానీ, అరకిలోమీటరు దూరంలో ఉన్న బస్సు నంబరు చెప్పేస్తాడు. కొత్త లెక్కకి ఆయన్నే వేశారు.

"ఏమ్మా, నిక్షేపంలాంటి ఉద్యోగాలు! మా అందరి కొంపలూ ముంచావు కదా!" అన్నాడు. "ఇప్పుడు నేను రెండు చేతులతో బళ్ళు, ఏ చేత్తో మనుషుల్ని లెక్కపెట్టాలి? కాలితోనా?"

"బళ్ళు ఆరేళ్ళ క్రితం నేను లెక్కపెట్టాను. నువ్వు మనుషుల్ని చూడు చాలు."

"నాకేం చెప్పకు." స్టూలు తీసుకుని విసురుగా వెళ్ళిపోయాడు.

లెక్క ఇరవయ్యో తారీకు పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది. రద్దీ గంట అంటే అదే. ఆ గంటసేపు టిక్కుటిక్కమ్మ ముందుగది కిటికీకీ గుమ్మానికీ మధ్య నడుస్తూనే ఉంది. అవతలి గోడ నీడలో సోడాబుడ్డి, మిషను చేతిలో. ఎంతమంది దాటుతున్నారు? ఒక పాలవాడు. ఇద్దరు ఆడవాళ్ళు, చేతులు పట్టుకుని, పరుగున. కొంతసేపు ఎవరూ లేరు. తర్వాత నలుగురైదుగురు గుంపుగా, బళ్ళవాళ్ళని తిట్టుకుంటూ. మళ్ళీ ఖాళీ. ఆవిడ బొటనవేలు చీర అంచు మీద నొక్కుకుంటూనే ఉంది. ఎనిమిదీ ఇరవై అయ్యేసరికి పదిహేడు.

"ఇట్లా అయితే డెబ్భై అయిదు ఎక్కడవుతుందండీ? అందరూ నాలుగేళ్ళ కిందటే దాటడం మానేశారు! దాటేట్టు లేదనే కదా సిగ్నలు అడిగింది!"

"నేల అరిగిపోతోంది, కూర్చో."

"వీధిలో వాళ్ళందరికీ ఒక్క మాట చెప్పి రండి. అటు పోయి ఇటు రమ్మనండి, రెండుసార్లు. అంతే!"

భర్త తలెత్తి చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు, కొంచెం ఆశ్చర్యం ఉంది. ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టి, గడప మీదిదాకా వచ్చి, ఆగింది. ఒక గీతకి పడ్డ కష్టం చాలదా? ఇంకో దొంగలెక్క కూడానా? చెప్పులు విప్పేసింది. విప్పి వాటిని గోడకేసి కొట్టింది. ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే అత్తగారు పక్కనుంచి బయటికి నడిచింది.

"అత్తయ్యా! ఎక్కడికి?"

"చెల్లి దగ్గరికి," అంది, వెనక్కి తిరక్కుండా. పొమ్మని ఎవరూ చెప్పలేదు ఆవిడకి. అవతల ఇల్లు వదిలి చిన్నత్తగారు కూడా, మోకాళ్ళు పట్టుకుంటూ, రోడ్డు అంచుకి వచ్చి నిలబడింది. ముందురోజు ఫోనులో అనుకున్నారట, ఒకసారి చూద్దామని.

అత్తగారు ఒక అడుగు రోడ్డు మీద పెట్టింది. లారీ హారను కొట్టింది. వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది. కారు. మళ్ళీ. బైకులు, ఒకదాని వెనక ఒకటి. అవతల చెల్లెలు చెయ్యి ఊపుతోంది, రావొద్దనో రమ్మనో తెలియడం లేదు. టిక్కుటిక్కమ్మ గడప లోపల నిలబడి ద్వారబంధాన్ని రెండు చేతులతో పట్టుకుంది, పట్టుకోకపోతే కాళ్ళు వాటంతట అవే పోతాయి. పోయి చెయ్యి పట్టుకుని దాటించడానికి ఎంతసేపు? కానీ మాటిచ్చింది. పదకొండు నిమిషాలు చూసింది. పదకొండు నిమిషాల తర్వాత అక్క ఇటు తిరిగింది, చెల్లెలు అటు తిరిగింది. ఇద్దరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

అత్తగారు లోపలికొచ్చి మంచం మీద కూర్చుని, "ఇంక అడక్కమ్మాయ్," అంది. "దాన్ని ఇక్కణ్ణుంచే చూసుకుంటాను."

లెక్క యాభై రెండు వచ్చింది. మధ్యాహ్నం ఇంజనీరు గదిలో ఆ అంకె వింది టిక్కుటిక్కమ్మ. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా, ఒక కుర్చీలో కదలకుండా కూర్చుంది.

"ఇరవైమూడు తక్కువ," అన్నాడు ఇంజనీరు. "నేను చెయ్యగలిగింది లేదమ్మా."

సోడాబుడ్డి వెళ్ళకుండా అక్కడే నిలబడి అద్దాలు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఏమయ్యా, ఇంకేమన్నా ఉందా?"

"వెనక చూడండి సార్," అన్నాడు గొణుగుతూ. "గడి లేదని వెనక వేశాను."

ఇంజనీరు కాగితం తిప్పాడు. వెనకంతా పెన్సిలు గీతలు, అయిదేసి చొప్పున కట్టలు. పైన వంకర రాతలో ఉంది: అంచుదాకా వచ్చి, దాటలేక వెనక్కి పోయినవాళ్ళు. నలభై ఒకటి.

"ఇద్దరు ముసలమ్మలు సార్. ఒకావిడ నా పక్కనే నిలబడింది. 'బాబూ, అదిగో ఎదురుగా ఉంది మా అక్క' అని చూపించింది. నేను వేలు నొక్కలేను, వాళ్ళు దాటలేదు కదా. మరి రాయకుండా ఎట్లా ఉండను? అప్పట్నుంచి వెనక్కి పోయినవాళ్ళందరికీ వేశాను. అంతకుముందు పోయినవాళ్ళని వదిలేశాను, అదే బాధ." తర్వాత టిక్కుటిక్కమ్మ వైపు తిరిగి కోపంగా, "నీకోసం కాదు," అన్నాడు.

ఇంజనీరు బీరువాలోంచి నిబంధనల పుస్తకం తీశాడు. మొదటి కాగితం నుంచి చదివే మనిషి కదా, ఆ పూటకి అది మంచిదే అయింది. అరగంట పట్టింది. ఆ అరగంటలో ఈవిడ మళ్ళీ లేచి, కిటికీ దగ్గరికి ఎన్నిసార్లు పోయి వచ్చిందో అడక్కండి. "అంచున ఆగి ఉన్నవాళ్ళని కూడా కలపమనే ఉంది," అన్నాడు చివరికి. "మనవాళ్ళు ఒక్కసారి కూడా కలపలేదు." యాభై రెండూ నలభై ఒకటీ కలిపి తొంభై మూడని ఎర్రసిరాతో రాశాడు.

ఇరవయ్యేడో తారీకున ఫైలు మీద సంతకం పడింది. అదే రోజు టిక్కుటిక్కమ్మకి మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు కోత అని. మిగతా ఆరుగురికీ హెచ్చరిక. నెల్లాళ్ళు ఆవిడతో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇక కూడలికి ఇద్దరేసి పోవాలని ఉత్తర్వు వచ్చింది. ఆవిడకి జతగా వేసింది ఎవర్నో చెప్పక్కర్లేదు. మొదటి వారం రోజులూ సోడాబుడ్డి స్టూలు అటువైపు తిప్పుకుని కూర్చున్నాడు.

అయిదు నెలలు పట్టింది. ఆవైపు ఖాళీ జాగాలో నాలుగు బెంచీలు, పది మొక్కలు, ఒక నీళ్ళ కుళాయి. రోడ్డు మీద తెల్లచారలు, రెండువైపులా స్తంభాలు. మీట నొక్కితే బళ్ళకి ఎర్రదీపం, మనుషులకి ముప్ఫయ్యయిదు సెకన్లు.

మొదటిరోజు పొద్దున అత్తగారు మంచి చీర కట్టుకుని బయల్దేరింది. కోడల్ని చెయ్యి పట్టుకోనివ్వలేదు. "నువ్విక్కడే ఉండు. నేనే పోతాను." మీట నొక్కింది. దీపం మారింది. బళ్ళు ఆగాయి, అన్నీ, నిజంగానే. ఆవిడ అడుగు ముందుకేసింది. అటు చూస్తే చిన్నత్తగారు కూడా బయల్దేరింది! ఇద్దరూ ఫోనులో ఏం అనుకున్నారో ఏమో, ఎవరు ఎవరింటికి పోవాలో మాత్రం అనుకోలేదు. సరిగ్గా నడిరోడ్డు మీద ఎదురుపడ్డారు.

"నేనొస్తున్నాగా, నువ్వెందుకు బయల్దేరావే?"

"నేనే వద్దామనుకున్నా అక్కా! కూర వండి పెట్టాను."

"మా ఇంట్లో కూడా వండాను. పద ఇటు."

"కాదు, బెంచీల దగ్గరికి పద."

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఒకరు ఇటు లాగుతూ ఒకరు అటు లాగుతూ, కదలడం లేదు ఎవరూ. స్తంభం మీద పన్నెండు, పదకొండు, పది. "అత్తయ్యా! కదలండి! ఎటో ఒకటి!" అని టిక్కుటిక్కమ్మ అంచున గెంతుతోంది. దీపం మారిపోయింది. ముందున్న లారీవాడు హారను కొట్టబోయి, ఎందుకో మానేసి, ఇంజను ఆపేశాడు. దాంతో వెనకవాళ్ళూ ఆగారు. రెండు వరసలూ ఆగిపోయాయి. ఇద్దరు ముసలమ్మలూ ఇంకా ఆ కూర సంగతి తేల్చుకుంటూనే ఉన్నారు, నాలుగేళ్ళ తర్వాత పట్టుకున్న చేతులు వదలకుండా.

టిక్కుటిక్కమ్మ వాళ్ళని తిట్టబోయి ఏడ్చేసింది. చేతిలో మిషను లేదు. అయినా బొటనవేలు రెండుసార్లు నొక్కింది.